కవలలకి హిందీలో ఒకడికి 91, ఇంకొకడికి 24. తేడా ఎక్కడ?

కృష్ణాతీరం: మావాళ్లు కవలలు. ఒకే స్కూలు, ఒకే సెక్షన్, ఒకే హిందీ టీచరు. ప్రీఫైనల్లో పెద్దాడికి 91, చిన్నాడికి 24. పదో తరగతిలో సెకండ్ లాంగ్వేజ్ హిందీకి 20 వస్తే పాసే కాబట్టి ఆ టెన్షన్ లేదు. కానీ "భాషలు కొందరికి పుట్టుకతోనే వస్తాయి, వాడిని వదిలెయ్" అంటున్నారు మా బంధువులు. నిజమేనా?

మిర్చియార్డు: నిజమే అన్నా. అమెరికాలో జాన్ కరోల్, స్టాన్లీ సాపన్ అనేవాళ్లు 1959లోనే భాష నేర్చుకునే శక్తిని కొలిచే పరీక్ష తయారు చేశారు. శబ్దాలు గుర్తుంచుకోవడం, వాక్యంలో ఏ మాట ఏ పని చేస్తోందో పట్టుకోవడం అందరికీ ఒకేలా రావు.

సుద్దముక్క: ఇరవై రెండేళ్లు హిందీ చెప్పాను. అదే కరోల్ 1963లో ఏమన్నాడో కూడా చెప్పాలి కదండీ: శక్తి అంటే నేర్చుకోవడానికి పట్టే సమయం అన్నాడు. ఆలస్యం వేరు, రాకపోవడం వేరు.

అసలు మార్కులు ఎక్కడ పోతాయో చూడండి. తెలుగులో బల్లయినా తలుపయినా "ఉంది" అంటే సరిపోతుంది. హిందీలో మేజ్ స్త్రీలింగం, దర్వాజా పుంలింగం. "రామ్ నే రోటీ ఖాయీ" అన్నచోట తిన్నది రాముడు, క్రియ మాత్రం రొట్టె వెంట పోతుంది! మన పిల్లలు "రామ్ రోటీ ఖాయా" అని రాస్తారు. జవాబులు బట్టీ పట్టినవాడు ఈ గుంట దాటేస్తాడు. సొంతంగా రాసేవాడు పడతాడు. ఇంతకీ మీ చిన్నాడు హిందీ మాట్లాడతాడా?

కృష్ణాతీరం: అదే విచిత్రం మేడమ్. పానీపూరీ బండి అతనితో గంటసేపు హిందీలో కబుర్లు చెబుతాడు. పెద్దాడు అక్కడ నోరే విప్పడు.

చార్మినార్ చాయ్: మాదీ అదే కథ. పుట్టినప్పటి నుంచి "మేరేకు నై మాలూం" అంటూ పెరిగాం. పరీక్షలో "ముఝే నహీ మాలూమ్" అని రాయాలట. ఊరంతా మా హిందీ అర్థమైంది, పేపరు దిద్దినాయనకి తప్ప.

మిర్చియార్డు: సరే, మాట్లాడతాడు. రేపు ఉద్యోగానికి రాసేది కూడా పరీక్షే కదా? రాయడం రాకపోతే రానట్టే.

సుద్దముక్క: రాయడం నేర్పొచ్చు. ముందు ఆ పేపరు తీసి, ఏ ప్రశ్నల్లో పోయాయో చూడండి.

కృష్ణాతీరం: చూశాను మేడమ్. ఒక్క మాట జవాబులన్నీ కరెక్టు. లేఖ ఖాళీ, వ్యాసం ఖాళీ. ఏమిట్రా అంటే, "తప్పులు రాస్తే క్లాసులో చదివి నవ్విస్తారు నాన్నా" అన్నాడు.