పగడపు దిబ్బ ఆరోగ్యానికి సజీవ పగడాల శాతం ఒక్కటే కొలమానమా?

ప్రశ్న (ఎమ్మెస్సీ విద్యార్థిని, తిరుపతి):
మన్నార్ సింధుశాఖ సముద్ర జాతీయ ఉద్యానవనంలోని పగడపు దిబ్బల మీద ప్రాజెక్టు ప్రతిపాదన రాస్తున్నాను. ఇరవై మీటర్ల టేపు పరిచి, దాని కింద సజీవ పగడాలు ఆక్రమించిన పొడవును కొలిచి శాతం కట్టాలనుకుంటున్నాను. ఒక చోట 40, మరో చోట 20 శాతం వస్తే మొదటిదే ఆరోగ్యంగా ఉందని రాయవచ్చునా? జీవవైవిధ్యాన్ని కూడా ఈ టేపుతోనే చెప్పవచ్చునా?

జవాబు (చిత్తూరు):
అలా రాయకండి. ఆ 40 శాతమూ వేడిని తట్టుకోగలిగిన బండ పగడాలు, అంటే పోరైటిస్ వంటివే కావచ్చు. కొమ్మల అక్రోపోరా అంతా అప్పటికే పోయి ఉండవచ్చు. 20 శాతం ఉన్నచోట కొత్త పిల్ల పగడాలు విరివిగా నాటుకొని, దిబ్బ కోలుకుంటూ ఉండవచ్చు. కాబట్టి టేపు కింద పడిన ప్రతి పగడానికీ ప్రజాతి పేరు, పరిస్థితి రెండూ రాయాలి: సజీవమా, తెల్లబారిందా, ఇటీవల చనిపోయిందా, నాచు పట్టిన పాత అస్థిపంజరమా. ఇక్కడే చాలామంది తడబడతారు. తెల్లబారిన పగడం చనిపోయినది కాదు. తనలో నివసించే శైవలాలను వేడికి కోల్పోయింది, అంతే, నీరు త్వరగా చల్లబడితే అది కోలుకోగలదు. దానిని మృతపగడాల లెక్కలో వేస్తే 2010, 2016 వంటి వేడి సంవత్సరాల గణాంకాలతో మీ ఫలితాన్ని పోల్చడం అసాధ్యం. స్థిరమైన గుర్తులు పాతి, అదే చోట, అదే ఋతువులో మళ్ళీ కొలిచినప్పుడే మార్పు తెలుస్తుంది.

జవాబు (తిరుపతి):
పై మాటకు ఒకటి చేరుస్తాను. జీవవైవిధ్యానికి టేపు చాలదు. దాని ఇరువైపులా నిర్ణీత వెడల్పులో చేపలను లెక్కించండి: పగడాలను తినే సీతాకోకచిలుక చేపలు, నాచును మేసే చిలుక చేపలు. షానన్ సూచిక (ఎన్ని జాతులున్నాయో, అవి ఎంత సమానంగా ఉన్నాయో కలిపి చెప్పే అంకె) పెరిగినంత మాత్రాన దిబ్బ బాగుందనుకోకండి, నాచు కమ్ముకున్న చోట కూడా అది పెరగవచ్చు. కురుసడై దీవి దగ్గర కప్పాఫైకస్ అనే పెంపకపు నాచు పగడాల మీదికి పాకిన సంగతి తెలిసిందే. శిథిలాలు కనిపిస్తే కారణం కూడా వెతకండి. ఒకప్పటి పగడాల తవ్వకం వల్ల పడిన రాళ్ళకు వేడిని తప్పు పట్టలేము కదా!

ప్రశ్నించిన విద్యార్థిని:
ధన్యవాదాలండీ. ముందుగా పులికాట్‌లో సాధన చేయవచ్చునా?

జవాబు (చిత్తూరు):
అక్కడ పగడపు దిబ్బలు లేవు, అది ఉప్పునీటి సరస్సు. చంద్రగిరి వైపు బండల మీద పెరిగే లైకెన్లపై టేపుతో సాధన చేయండి, ఇద్దరు విడివిడిగా కొలిచి తేడా చూసుకోండి. ఇంకొక మాట: పగడాలు 2001 నుంచి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్నాయి కనుక, ముక్క సేకరించాలన్నా, ఉద్యానవనంలోకి వెళ్ళాలన్నా తమిళనాడు అటవీశాఖ అనుమతి ముందే తీసుకోవాలి.