ఫర్ ట్రేడ్‌లో (జంతువుల తోళ్ళ వ్యాపారంలో) ఫ్రెంచ్ వాళ్ళు ఓజిబ్వే ఇళ్ళకి అల్లుళ్ళు ఎందుకయ్యారు?

ప్రశ్న:
ఉత్తర అమెరికాలోని లేక్ సుపీరియర్ హిస్టరీ చదువుతున్నా. 1700ల్లో బీవర్ అనే నీటి జంతువు తోళ్ళ కోసం వచ్చిన ఫ్రెంచ్ వ్యాపారులు చాలామంది అక్కడి ఆదివాసీలైన ఓజిబ్వేల అమ్మాయిల్ని చేసుకున్నారట. ప్రేమా, బిజినెస్సా?

రిప్లై 1:
రెండూనండి. చుట్టరికం లేనివాడిని అక్కడ అంత తేలిగ్గా నమ్మరు, అదే అల్లుడైతే అత్తారి వైపు వాళ్ళు తోళ్ళు ఇతనికే తెస్తారు, బదులుగా ఇతను తుపాకులు, బట్ట, గిన్నెలు అప్పు మీద ఇవ్వాలి, కష్టానికి ఆదుకోవాలి. చాలా పెళ్ళిళ్ళు చర్చి ఫాదర్ లేకుండా అక్కడి పద్ధతిలోనే అయ్యాయి. అసలు చాకిరీ ఆడవాళ్ళదే, తోళ్ళు బాగుచేయడం, మంచు మీద నడిచే స్నోషూలు అల్లడం, బెరడు పడవలు కుట్టడం, వైల్డ్ రైస్ (నీళ్ళలో పెరిగే అడవి ధాన్యం) సేకరించడం, మేపుల్ చెట్ల రసంతో చక్కెర చేయడం, పైగా బేరాల్లో దుబాసీ పని కూడా. పుస్తకాల్లో మాత్రం పేర్లన్నీ మగాళ్ళవే!

రిప్లై 2:
మిషెల్ కాడొట్ అనే తోళ్ళ వ్యాపారి గురించి వెతకండి. వైట్ క్రేన్ అనే ఓజిబ్వే నాయకుడి కూతురిని చేసుకున్నాడు, ఆవిడ బాప్తిజం పేరు మడలీన్, విస్కాన్సిన్‌లో మడలీన్ ఐలాండ్ ఆవిడ పేరే. వీళ్ళ కూతుళ్ళిద్దరిని వారెన్ అన్నదమ్ములు చేసుకున్నారు. మనవడు విలియం వారెన్ పెద్దవాళ్ళ నోట విని ఓజిబ్వే చరిత్ర రాశాడు, 1853లో చిన్న వయసులోనే పోయాడు, పుస్తకం 1885లో గానీ అచ్చవలేదు.

ప్రశ్న అడిగినవారు:
థాంక్సండి. మరి పిల్లలు ఎవరి లెక్కలోకి వస్తారు?

రిప్లై 1:
అదే చిక్కు. ఓజిబ్వేల్లో క్లాన్ (మన గోత్రం లాంటిది) తండ్రి నుంచి వస్తుంది, ఫ్రెంచ్ తండ్రికి క్లాన్ ఎక్కడిది, అందుకని ఏదో ఒక క్లాన్ వాళ్ళు దత్తత తీసుకునేవాళ్ళు.