గౌతమి: నది పేరా, అంతకన్నా పాతదా?

కోటిపల్లి రేవు:
వచ్చే ఆదివారం మా మనుమరాలి బారసాల. గౌతమి అనే పేరు అందరికీ నచ్చింది. తగవంతా అర్థం దగ్గరే వచ్చింది. వియ్యంకులవారు ఏదో పేర్ల పుస్తకం చూసి ‘చీకటిని పారదోలేది’ అని ఆహ్వాన పత్రికలో వేయిద్దామంటున్నారు. మా అన్నయ్యేమో ఆడపిల్లకు నది పేరు కూడదని మనుస్మృతిలో ఉందంటున్నాడు. ధవళేశ్వరం దిగువన గోదావరి చీలితే తూర్పు పాయ గౌతమి, పడమటి పాయ వశిష్ఠ. మా వీధి చివర మెట్లు దిగితే గౌతమే. పిల్ల పేరుకు ఇంతకు మించిన అర్థం ఎందుకు?

సంస్కృతం మాస్టారు:
చీకటి అర్థాన్ని అచ్చు వేయించవద్దని నా మనవి. గోతమ శబ్దంలో ఉన్నది ప్రియతమ, ఉత్తమ అనే మాటల్లోని ‘తమ’ ప్రత్యయం. అందరిలోకీ మిన్న అని చెప్పేది అది. చీకటి అనే తమస్సు వేరే మాట. గోతముడి సంతతివాడు గౌతముడు, ఆ వంశపు స్త్రీ గౌతమి. భారతం అనుశాసన పర్వంలో యాతుధాని అనే రాక్షసికి ఋషులు తమ పేర్లు విప్పి చెప్పే చోట గోతముడు చీకటి మాట ఎత్తుతాడు, నిజమే. కానీ అక్కడ ఋషులందరూ చేసేది శబ్ద చమత్కారం, వ్యుత్పత్తి కాదు.

ఆదుర్రు దారి:
నదికన్నా ముందు మనుషులను తలచుకోండి. బుద్ధుణ్ణి పెంచిన తల్లి మహాప్రజాపతి గౌతమి, భిక్షుణీ సంఘంలో మొదటి స్త్రీ. మా ఆదుర్రు స్తూపం చూసినప్పుడల్లా నాకు ఆమే గుర్తుకు వస్తుంది. ఇక నాసిక్ గుహలో శాసనం వేయించిన శాతవాహన రాణి గౌతమీ బాలశ్రీ! ఆమె కొడుకు గౌతమీపుత్ర శాతకర్ణి, మనుమడు వాసిష్ఠీపుత్ర పులుమావి. గౌతమి, వాసిష్ఠి అంటే మన రెండు పాయల పేర్లే కదా. ఆ రాణుల పేర్లే పాయలకు వచ్చాయని నా నమ్మకం.

సంస్కృతం మాస్టారు:
బాలశ్రీని తలచినందుకు సంతోషం, కానీ ఆ నమ్మకం నిలవదు నాయనా. గౌతమి, వాసిష్ఠి అన్నవి ఆ తల్లుల గోత్రనామాలు. శాతవాహనుల తరువాత ఏలిన ఇక్ష్వాకుల్లో మాఠరీపుత్ర వీరపురుషదత్తుడు ఉన్నాడు. మాఠరి అనే పాయ ఎక్కడుంది? సప్త గోదావరుల్లో కౌశిక, భరద్వాజ, ఆత్రేయ కూడా ఉన్నాయి. రాణులకూ పాయలకూ పేర్లు ఋషుల నుంచే వచ్చాయి, ఎవరి దారిన వారికి.

లంక ఆడపడుచు:
అన్నగారూ, మీ అన్నయ్యగారికి ఇది చదివి వినిపించండి. మనుస్మృతి మూడో అధ్యాయంలోని ఆ మాట వధువును ఎంచుకునే చోటిది. నక్షత్రం, చెట్టు, నది, పక్షి పేర్లున్న పిల్లను చేసుకోవద్దని ఉంది. దాన్ని పాటిస్తే రోహిణికి, తులసికి, యమునకు పెళ్ళిళ్ళే కాకూడదు. మా అమ్మమ్మ పేరు గోదావరి. నా పేరు గౌతమి. 1986 ఆగస్టు వరదలో మా లంక మునిగితే, నిండు గర్భిణి అయిన అమ్మను పడవలో ఏటిగట్టుకు చేర్చారు. తొమ్మిది రోజులకు నేను పుట్టాను. ఇల్లు పోయింది, గొడ్లు పోయాయి. అయినా అమ్మ ఆ నది పేరే పెట్టింది. గోత్రం గురించి మాస్టారు చెప్పింది ఒప్పుకుంటాను. కానీ మా అమ్మ ఆ పేరు తెచ్చుకున్నది గోత్రం నుంచి కాదు.

కోటిపల్లి రేవు:
అమ్మా, నీ మాటలు ఇంట్లో అందరికీ చదివి వినిపించాను. వియ్యపురాలుగారు కళ్ళు తుడుచుకున్నారు. పత్రికలో అర్థం వేయించడం లేదు, పేరు ఒక్కటే. అన్నయ్య ఇంకా అవునని అనలేదు గానీ, పళ్ళెంలో బియ్యం మీద ఉంగరంతో పేరు తానే రాస్తానన్నాడు. మాస్టారూ, గౌతమి అని రాయాలా, గౌతమీ అనా?

సంస్కృతం మాస్టారు:
తెలుగులో హ్రస్వమే. గౌతమి అని రాయించండి.