ఇంట్లో మొదటిసారి డిగ్రీకి పోయిన పిల్లకి మేమేం చెయ్యాలి?

పలమనేరు మామ:
మా మేనకోడలు ఈ ఏడాది తిరుపతిలో బీఎస్సీలో చేరింది. మా ఇళ్లలో ఇంటర్ దాటినోళ్లు ఇంతవరకూ లేరు, చెల్లెలూ బావా డెయిరీకి పాలు పోసి బతికేవాళ్లు. పిల్లకి ఇంటర్‌లో మంచి మార్కులే. ఇప్పుడేమో ఫోన్ చేస్తే "బాగుంది మామా" అని పెట్టేస్తుంది, వారం ఆఖర్లో క్లాసు అవగానే ఊరి బస్సు ఎక్కేస్తుంది. పాఠం అంతా ఇంగ్లీషేనంట, అడగాలంటే భయమంట. డబ్బు ఎలాగో సర్దుతాం, ఇంకేం చెయ్యాలో చెప్పండి.

పాత ఎస్వీయూ:
డబ్బు సర్దుతాం అనేముందు స్కాలర్‌షిప్ చూడండి సార్. ప్రభుత్వ స్కాలర్‌షిప్ వెబ్‌సైటు జ్ఞానభూమిలో అప్లికేషన్ ఏ దశలో ఉందో, ఖాతాకి ఎన్‌పీసీఐ లింకు (ఆధార్ మీద వచ్చే ప్రభుత్వ డబ్బు ఆ ఖాతాలో పడేలా చేసేది) ఉందో లేదో కనుక్కోండి. బ్యాంకులో ఆధార్ జిరాక్సు ఇచ్చినంత మాత్రాన పని అయిపోదు, రెండు ఖాతాలుంటే చివరగా లింకు చేసినదానికే డబ్బు పోతుంది. హాజరు 75 శాతం కంటే తగ్గినా కష్టమే. 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకి ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్‌లలో టికెట్‌కి డబ్బు లేదు కదా, ఊరికి రావడం మరీ సులువైపోయింది, సోమవారం మొదటి పీరియడ్ పోకుండా చూసుకోమనండి.

చిత్తూరు లెక్చరర్:
పై మాట నిజమే గానీ అసలు చిక్కు అది కాదు. ఇంట్లో డిగ్రీ చదివిన అక్కో అన్నో ఉన్న పిల్లలకి సెమిస్టర్ మధ్యలో పెట్టే మిడ్ పరీక్షల మార్కులు కూడా చివరి మార్కుల్లో కలుస్తాయని, ఒక పేపరు పోతే మళ్లీ రాసుకోవచ్చని, ఏడాదేమీ పోదని ముందే తెలుసు. చెప్పేవాళ్లు లేని పిల్ల ఒక్క సబ్జెక్టు పోగానే చదువే అయిపోయిందనుకుని పెట్టె సర్దేస్తుంది. తెలివితక్కువై మానేసినవాళ్లను నేను పెద్దగా చూడలేదు, ఇలా మానేసినవాళ్లే ఎక్కువ. మీ వైపు నుంచి వచ్చి రెండో ఏడాదో మూడో ఏడాదో చదివే అమ్మాయిని ఒకరిని పరిచయం చెయ్యండి. సందేహాలు స్టాఫ్‌రూమ్‌కి వచ్చి తెలుగులోనే అడగమనండి, ఎవరూ కొట్టరు. తెలుగు అకాడమీ వేసిన పాత తెలుగు మీడియం పుస్తకం పక్కన పెట్టుకుని ఇంగ్లీషుది చదివితే కొన్నాళ్లకి అదే దారిలో పడుతుంది.

పుత్తూరు పిల్ల:
మా ఇంట్లోనూ నేనే మొదటిదాన్ని. ఫోన్ తియ్యగానే "మార్కులెంత" అనొద్దు మామా, టెన్షన్‌తో ఉన్న మాట కూడా నోట్లోనే ఆగిపోతుంది. మా నాయనకి నా సబ్జెక్టుల పేర్లు కూడా తెలీవు, "ఈరోజు మెస్‌లో ఏం పెట్టినారు" అని మొదలుపెడతాడు, సాంబారు నీళ్లగా ఉందని నేను తిట్టుకుంటా ఉంటే మిగతా కష్టాలన్నీ వెనకే వచ్చేస్తాయి. ఇంకోటి, ఆవు ఈనింది, చిన్నాన్న కూతురి నిశ్చితార్థం అని పరీక్షలప్పుడు పిలవకండి. రాననడం మాకు చేతకాదు, వచ్చేస్తాం.

పలమనేరు మామ:
లింకు ఎవరూ వాడని పాత ఖాతాకి ఉందంట, రేపే బ్యాంకుకి పోతాం. లెక్చరర్ గారూ, ఆ పాత పుస్తకాలు తిరుపతిలో ఎక్కడ దొరుకుతాయి, నేనే కొని పంపిస్తా.

చిత్తూరు లెక్చరర్:
ముందు కాలేజీ లైబ్రరీలో చూడమనండి, తెలుగు మీడియంవి ఏదో ఒక బీరువాలో ఉండే ఉంటాయి. మీరు పోవద్దు, ఆ పిల్లనే వెళ్లి అడగనివ్వండి.