హెడ్ కవర్ ప్యాకింగ్‌కి పేస్ట్ పూయాలా, పొడిగానే కూర్చోబెట్టాలా?

కొత్తపానా
అందరికీ నమస్తే. నాది నాలుగు సిలిండర్ల పెట్రోల్ ఇంజన్. అల్యూమినియం హెడ్, రెండు క్యామ్‌లు, పైన ప్లాస్టిక్ వాల్వ్ కవర్ (హెడ్ కవర్ అన్నా ఇదే). చుట్టూ ఆయిల్ కారుతోందని ఎనిమిది నెలల కింద ప్యాకింగ్ (కవర్‌కీ హెడ్‌కీ మధ్య ఉండే పట్టీ) మార్పించాను. మెకానిక్ కొత్త రబ్బరు ప్యాకింగ్‌కి పైనా కిందా సిలికాన్ పేస్ట్ దట్టంగా పట్టించి బిగించాడు. ఇప్పుడు మళ్ళీ మొదలైంది. బండి ఆపగానే కాలిన వాసన, బానెట్ ఎత్తితే ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ (ఇంజన్ పొగ బయటికి పోయే వేడి గొట్టాలు) మీంచి సన్నగా పొగ.

ఈసారి నేనే విప్పుదామనుకుంటున్నా. కొత్త ప్యాకింగ్ వచ్చిన ప్యాకెట్ మీద పేస్ట్ మాటే లేదు. ఆయన్ని అడిగితే "పేస్ట్ లేకుండా వేస్తే నాకు పూచీ లేదు" అన్నాడు. ఎవరి మాట వినాలి?

గ్రీజుగుడ్డ
ఆయన మాటే విను తమ్ముడూ. ఇరవై రెండేళ్ళుగా బానెట్ల కింద తల పెట్టి బతుకుతున్నా. కొత్త ఇంజన్‌కి పొడిగా వేస్తే ఆగుతుంది, నిజమే. నీ హెడ్‌ని ఎవరో ఇప్పటికే ఓసారి స్క్రూడ్రైవర్‌తో గోకి ఉంటారు. ఆ గీతల్లోంచి ఆయిల్ చీమలా దారి చూసుకుంటుంది. ఆ గీతల్ని నింపేది పేస్టే. పల్చగా పూయాలి, అంతే.

టార్క్‌పిచ్చి
అన్నా, మీ అనుభవానికి దండం, కానీ ఇది ఒప్పుకోను.

రబ్బరు ప్యాకింగ్ పనిచేసేది నలగడం వల్ల. కవర్‌లో గాడి ఉంటుంది, ప్యాకింగ్ ఆ గాడి లోతు కంటే కాస్త ఎత్తుగా ఉంటుంది. బోల్టు బిగిస్తే ఆ ఎక్కువ ఎత్తు నలిగి హెడ్‌కి అతుక్కుంటుంది. అక్కడ తడి పేస్ట్ పూస్తే అది సబ్బులా పనిచేస్తుంది. బిగించేటప్పుడు ప్యాకింగ్ గాడిలోంచి పక్కకి జారుతుంది, పైనుంచి చూస్తే తెలియదు. పైగా ప్లాస్టిక్ కవరూ అల్యూమినియం హెడ్డూ వేడికి ఒకే కొలతలో సాగవు. ఆ తేడాని మింగాల్సింది రబ్బరే, దాన్ని సాగనివ్వాలి.

ఇంకోటి. బయటికి పొంగిన పేస్ట్ మీకు కనిపిస్తుంది, తుడుస్తారు. లోపలికి అంతే పొంగుతుంది కదా, దాన్ని ఎవరు తుడుస్తారు? అది గట్టిపడి, ఊడి, ఆయిల్‌తో పాటు సంప్‌లోకి (ఇంజన్ అడుగున ఉండే ఆయిల్ తొట్టి) దిగి ఆయిల్ పంపు స్ట్రెయినర్ జాలీకి అడ్డం పడుతుంది. ఆయిల్ ప్రెషర్ పడిపోయాక ప్యాకింగ్ గొడవ ఎవరికీ గుర్తుండదు.

నాలుగోగేరు
మా ఇంట్లో చాలామంది వంటవాళ్ళు ఇలాగే. ఉప్పు ఎంత వేయాలో తెలియకపోతే ఇంకాస్త వేస్తారు.

గ్రీజుగుడ్డ
ఆ జాలీ సంగతి నిజమే. సంప్ విప్పినప్పుడు బల్లి తోకల్లా సిలికాన్ ముక్కలు రెండు మూడు సార్లు చూశాను. అవి నేను పూసినవి కావు అని మాత్రం చెప్పగలను. (నవ్వకండి.)

కానీ నువ్వు చెప్పేదంతా గాడి ఉన్న కవర్‌కి వర్తిస్తుంది. పాత రేకు కవర్లకి గాడీ లేదు, ఏమీ లేదు. మధ్యలో బెండు ప్యాకింగ్, పైన రేకు. అందరూ బలం కొద్దీ బిగించి బోల్టు రంధ్రాల చుట్టూ రేకుని లోపలికి గుంటలు పడేస్తారు. రెండు బోల్టుల మధ్య రేకు పైకి లేస్తుంది, అక్కడే కారుతుంది. చెక్కదిమ్మ మీద పెట్టి సుత్తితో తట్టి చదును చేయాలి. చేసినా వెంట్రుకవాసి తేడా ఉంటుంది. పేస్ట్ లేకుండా దాన్ని ఆపి చూపించు.

టార్క్‌పిచ్చి
రేకు కవర్‌కి, బెండు ప్యాకింగ్‌కి మీరన్నదే సరి. నేనూ పూస్తాను, కవర్ వైపు మాత్రమే, ప్యాకింగ్ కదలకుండా పట్టి ఉంచడానికి. బెండు ఇంజన్ నాలుగైదుసార్లు వేడెక్కి చల్లారాక కుంగుతుంది కాబట్టి మళ్ళీ ఓసారి బిగింపు చూసుకోవాలి. కానీ కొత్తపానా గారిది ప్లాస్టిక్ కవర్ కదా.

సగంచంద్రుడు
మీ ఇద్దరూ "చుట్టూ పూయాలి", "అసలు పూయకూడదు" అని కొట్టుకుంటున్నారు. చాలా ఇంజన్ల మాన్యువల్ చెప్పేది మూడో మాట: రెండు భాగాలు కలిసే చోట మాత్రమే ఒక చుక్క.

కవర్ తీసి హెడ్ అంచు వెంబడి వేలు పెట్టి చూడండి. ఎక్కువ భాగం ఒకే నున్నటి అల్యూమినియం. ముందువైపు టైమింగ్ చైన్ కవర్, హెడ్ రెండూ ఒకదానికొకటి ఆనే చోట సన్నటి గీత, కొంచెం మెట్టు తగులుతాయి. కొన్నిటిలో ముందు క్యామ్ బేరింగ్ క్యాప్ హెడ్ మీద కూర్చునే మూలలు, వెనక అరచంద్రాకారం రబ్బరు బిరడా ఉంటాయి. నిటారుగా ఉన్న గోడ చదును నేలని కలిసే మూల అన్నమాట. రబ్బరు గుండ్రంగా నలుగుతుంది గానీ ఆ మొనదేలిన మూలలోకి పూర్తిగా చొచ్చుకుపోలేదు. అక్కడ ఒక చిన్న ఖాళీ మిగులుతుంది. ఆ ఖాళీకే పేస్ట్. కందిగింజంత చాలు. మిగతా అంచంతా ఎండిన గుడ్డతో తుడిచినట్టు పొడిగా ఉండాలి.

పొడి పార్టీ వాళ్ళు ఆ మూలలు వదిలేస్తారు, రెండు వారాల్లో అక్కడే చెమ్మ కనిపిస్తుంది. పేస్ట్ పార్టీ వాళ్ళు "చూశావా, నేను ముందే చెప్పా" అంటారు.

కొత్తపానా
ఇది ఎవరూ చెప్పలేదు నాకు. మరి పేస్ట్ ఏ రకం? ఎంతసేపు ఆగాలి?

సగంచంద్రుడు
వెనిగర్ వాసన వచ్చేది వద్దు. అది ఆరేటప్పుడు ఆమ్లం వదులుతుంది, లోహాన్ని తింటుంది, దాని ఆవిరి ఎగ్జాస్ట్‌లో ఉండే ఆక్సిజన్ సెన్సర్‌కి మంచిది కాదు. సెన్సర్‌కి హాని చేయదని ట్యూబు మీద రాసి ఉన్నది తీసుకోండి. చుక్క పెట్టాక పైపొర కట్టకముందే కవర్ దించాలి, పది నిమిషాల్లోపు అనుకోండి. ట్యూబు మీద వేరేగా ఉంటే అదే ఫైనల్. ఇంజన్ మర్నాటిదాకా స్టార్ట్ చేయొద్దు. పూసే చోట నూనె జిడ్డు కొంచెం ఉన్నా పేస్ట్ పట్టదు. బ్రేక్ క్లీనర్‌తో గుడ్డ తడిపి తుడవండి, హెడ్ లోపలికి నేరుగా కొట్టకండి.

బ్లోబై
ఆలస్యంగా వచ్చాను. పైదంతా చదివాను. అందరూ ప్యాకింగ్ చుట్టూనే తిరుగుతున్నారు. నా ప్రశ్న వేరు: మంచి రబ్బరు ప్యాకింగ్ ఏళ్ళ తరబడి ఆగుతుంది. ఎనిమిది నెలల్లో ఎందుకు ఓడిపోయింది?

పిస్టన్ రింగుల పక్కనుంచి కొంత గ్యాస్ ఎప్పుడూ కిందికి, క్రాంక్‌కేస్‌లోకి జారుతుంది. కొత్త ఇంజన్‌లోనూ జారుతుంది. ఆ గ్యాస్‌ని ఇన్‌టేక్ లాక్కుని మళ్ళీ మండించేలా పీసీవీ వాల్వ్ పెడతారు. అది మడ్డి పట్టి మూసుకుపోతే గ్యాస్‌కి దారి లేదు. లోపల ఒత్తిడి పెరుగుతుంది, ఎక్కడ బలహీనంగా ఉంటే అక్కడ ఆయిల్‌ని తోసుకుంటూ బయటికి వస్తుంది. అన్నిటికంటే బలహీనం ఏది? వాల్వ్ కవర్ ప్యాకింగే. దాన్ని మార్చి బలంగా బిగిస్తే తర్వాత క్రాంక్ సీల్ దగ్గర మొదలవుతుంది. ప్రెషర్ కుక్కర్ వెయిట్ మీద బరువు పెట్టి, గ్యాస్కెట్ పాడైందని తిట్టడం లాంటిది ఇది.

చూసే పద్ధతి సులువు. ఇంజన్ వేడెక్కాక ఐడిల్‌లో ఆయిల్ పోసే మూత తీసి ఆ రంధ్రం మీద పల్చటి కాగితం పెట్టండి. కాగితం మెల్లగా లోపలికి లాగినట్టు ఉంటే మంచిదే. ఎగిరిపడుతూ, బుస్సుమని గాలి వస్తుంటే వాల్వ్ మూసుకుపోయింది, లేదా రింగులు అరిగాయి. మూత పైకి లేవనంత గట్టిగా లాగి పట్టుకుని, ఈలలాంటి చప్పుడు వస్తుంటే లోపలి డయాఫ్రం (పల్చటి రబ్బరు పొర) చిరిగి ఉండొచ్చు. ఇప్పటి ప్లాస్టిక్ కవర్లలో చాలావాటికి ఆ డయాఫ్రం కవర్‌లోనే ఇమిడి వస్తుంది. ఎయిర్ ఫిల్టర్ డబ్బాలో ఆయిల్ తడి ఉందా చూడండి, అది కూడా మూసుకుపోయిన దారికి గుర్తే.

మరో మాట. ఎప్పుడూ పొట్టి దూరాలే తిరిగే బండికి ఇది త్వరగా వస్తుంది. ఇంజన్ పూర్తిగా వేడెక్కదు, లోపలి తేమ ఆవిరి కాదు, ఆయిల్‌తో కలిసి మడ్డవుతుంది.

గ్రీజుగుడ్డ
ఈయన చెప్పింది నూటికి నూరుపాళ్ళు ఒప్పుకుంటాను. నేను ప్యాకింగ్ కంటే ముందు చూసేది అదే.

నాలుగోగేరు
మరి పైన ఎందుకు చెప్పలేదు గురువుగారూ?

గ్రీజుగుడ్డ
అడిగింది పేస్ట్ గురించి కదా.

పాతబస్తా
ఎవరూ అడగని ప్రశ్న నేను అడుగుతా. అసలు ఆపడం ఎందుకు? నా ఇంజన్ పదేళ్ళుగా చెమటోడుస్తోంది. నెలకోసారి గుడ్డతో తుడుస్తా, డిప్‌స్టిక్ చూసి తగ్గినంత పోస్తా. విప్పిన ప్రతిసారీ ఒక బోల్టు తెగడమో, ఒక క్లిప్పు విరగడమో ఖాయం.

బ్లోబై
చెమ్మకీ చుక్కకీ తేడా ఉంది బాబాయ్. అంచు వెంబడి దుమ్ము అంటుకుని నల్లగా ఉంటే మీలాగే వదిలేస్తాను. కానీ ఆయనకి ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ మీద పడుతోంది. ఎర్రగా కాలే ఇనుము మీద ఆయిల్. వాసనతో ఆగితే అదృష్టం, నిప్పు అంటుకునే అవకాశం కూడా ఉంది. దీనికి గుడ్డ సరిపోదు.

స్పార్క్ ప్లగ్ గుంతలు కూడా చూసుకోమనండి. ఆ గొట్టాల సీల్స్ పోతే గుంతలో ఆయిల్ నిండి కాయిల్ రబ్బరు ఉబ్బిపోతుంది, ఇంజన్ మిస్ కొడుతుంది. జనం ప్లగ్గులు, కాయిల్స్ మారుస్తూ కూర్చుంటారు.

కొత్తపానా
రెండో గుంతలో నిజంగానే అర అంగుళం ఆయిల్ ఉంది!! ఇంకో సందేహం. నా దగ్గరున్న టార్క్ రెంచి (బిగింపు బలం కొలిచే పానా) 40 న్యూటన్ మీటర్ల దగ్గర మొదలవుతుంది. ఈ బోల్టులకి ఎంత?

టార్క్‌పిచ్చి
ఆ రెంచి డబ్బాలోనే ఉంచండి! ఆరు మిల్లీమీటర్ల కవర్ బోల్టులకి సాధారణంగా 8 నుంచి 10 న్యూటన్ మీటర్లు. మీ మాన్యువల్ అంకె వేరైతే అదే తీసుకోండి. పావంగుళం డ్రైవ్ చిన్న రెంచి ఎవరి దగ్గరైనా అడగండి. మధ్యలోంచి మొదలుపెట్టి అటూ ఇటూ దాటుకుంటూ చివరలకి వెళ్ళాలి, రెండు విడతల్లో.

బోల్టుల మెడ చూడండి, చాలావాటికి మెట్టు ఉంటుంది. ఆ మెట్టు హెడ్‌కి ఆనగానే ప్యాకింగ్ నలగాల్సినంత నలిగిపోయినట్టే. ఆ తర్వాత ఎంత బలం పెట్టినా రబ్బరుకి అందదు. బోల్టు తెగుతుంది, లేదా ప్లాస్టిక్ పగులుతుంది. "ఇంకా కారుతోంది, ఇంకాస్త బిగిద్దాం" అనేవాళ్ళు పగలగొట్టే కవర్లు ఇవే.

గ్రీజుగుడ్డ
రెంచి లేకపోతే పని ఆగదు. జానెడు రాట్చెట్‌ని పిడికిలితో కాదు, తల దగ్గర పట్టుకుని మూడు వేళ్ళతో తిప్పు. ఆగిన చోట ఆగు.

టార్క్‌పిచ్చి
అన్నా, లెక్క చూడండి. 25 సెంటీమీటర్ల పిడి చివర నాలుగు కిలోల బరువు వేలాడితే 10 న్యూటన్ మీటర్లు. కోపంగా ఉన్న రోజు మీ మూడు వేళ్ళకి నాలుగు కిలోలెంత?

గ్రీజుగుడ్డ
కోపంగా ఉన్న రోజు నేను కవర్లు బిగించను.

సగంచంద్రుడు
కొత్తపానా గారూ, పాత పేస్ట్ తీయడానికి ప్లాస్టిక్ గీకుడుబద్ద వాడండి. ఇనుప బ్లేడు అల్యూమినియంని గీస్తుంది. డ్రిల్లుకి తగిలించే గరుకు డిస్కు అసలే వద్దు, ఆ పొడి ఆయిల్‌లో కలిస్తే బేరింగులు గోవిందా. గీకేముందు క్యామ్‌ల మధ్య గుంతల్లో నూలు పోగులు రాలని గుడ్డలు కుక్కండి. తీసేటప్పుడు లెక్కపెట్టుకోండి.

కొత్తపానా
పన్నెండు రోజుల తర్వాత వస్తున్నా. జరిగింది చెప్తాను.

కాగితం ఎగిరిపడింది. పీసీవీ వాల్వ్ విడిగా దొరికేదే, బయటికి తీసి ఊపితే టకటక మని చప్పుడు రావాలట, రాలేదు. దాని గొట్టంలో తారులాంటి మడ్డి. రెండూ మార్చాను. కవర్ లేపితే ఎగ్జాస్ట్ వైపు ప్యాకింగ్ రబ్బరులా లేదు, వంచితే టప్పున విరిగింది. ఎడమ వైపు ఒక జానెడు మేర గాడిలోంచి బయటికి జారి, పేస్ట్‌లో కూరుకుపోయి ఉంది. లోపలివైపు పేస్ట్ తోకలు మూడు వేలాడుతున్నాయి. నాలుగోది ఊడిపోయిన గుర్తు కనిపించింది, ఎక్కడికి పోయిందో దేవుడికే తెలియాలి. ఆయిల్ ప్రెషర్ లైటు మీద కన్నేసి ఉంచాను.

ప్లగ్ గొట్టాల సీల్స్ కూడా మార్చాను. టైమింగ్ కవర్ కలిసే రెండు చోట్ల కందిగింజంత పేస్ట్, మిగతాదంతా పొడి. చిన్న రెంచి అడిగి తెచ్చుకుని 9 దగ్గర ఆపాను. పౌడర్ చల్లి చూశాను, ఎక్కడా తడి లేదు... ఒక్క వెనక మూల బోల్టు దగ్గర తప్ప. టార్చ్ పెట్టి చూస్తే కవర్ మీదే సన్నటి పగులు, బోల్టు రంధ్రం నుంచి అంచుదాకా. పోయినసారి బిగింపు ఫలితం అనుకుంటా. కొత్త కవర్ వస్తోంది.

టార్క్‌పిచ్చి
పొడిగా వేసిన చోట కారలేదు. నమోదు చేసుకోండి అందరూ.

గ్రీజుగుడ్డ
పేస్ట్ పెట్టిన రెండు మూలల్లోనూ కారలేదు కదా తమ్ముడూ, అది కూడా రాసుకో. కొత్త కవర్ వేసేటప్పుడు ఆ రెండు చుక్కలూ మళ్ళీ కొత్తగా పెట్టాలి, పాతది మొత్తం తీసేసి. మర్చిపోకు.