లంబసింగి ఘాట్‌లో పొద్దున్నే చలి: బైక్ మీద ఏ గ్లౌజులు పనికొస్తాయి?

ఘాట్‌రోడ్డు_125
నర్సీపట్నం నుంచి చింతపల్లికి వారంలో ఐదు రోజులు బండి మీదే వెళ్లాలి. పొద్దున్న ఐదున్నరకి బయల్దేరితే కొండ ఎక్కేసరికి వేళ్లు కొంకర్లు పోతున్నాయి. లంబసింగి దగ్గరికొచ్చాక క్లచ్ ఎంతవరకు నొక్కానో, బ్రేక్ మీద వేలు ఉందో లేదో కూడా తెలియడం లేదు. బండి 125 సీసీ, హ్యాండ్‌గార్డులు లేవు. ప్రస్తుతం వాడేవి మెష్ గ్లౌజులు. డిసెంబరు, జనవరిలో వాన ఉండదు గానీ పొగమంచుకి గ్లౌజులు తడిసిపోతాయి. మధ్యాహ్నం తిరుగు ప్రయాణంలో మళ్లీ ఎండే. బడ్జెట్ మూడు వేలు. మంచు కురిసే ప్రాంతాల కోసం చేసే దళసరి గ్లౌజులు కొనమంటారా? పూర్తి వాటర్‌ప్రూఫ్ అవసరమా?

మన్యం_చక్రాలు
ముందు ఆ మెష్ గ్లౌజులు చలికాలం అయ్యేదాకా పక్కన పెట్టండి. అవి గాలి లోపలికి రావడానికే కుట్టినవి. వాటి లోపల ఎంత ఉన్ని తొడిగినా వెచ్చదనం నిలవదు. 8 డిగ్రీల చలిలో గంటకి 50 కిలోమీటర్ల వేగంతో పోతుంటే ఒట్టి చర్మానికి అది దాదాపు 3 డిగ్రీలతో సమానం. వేగం 40కి తగ్గించినా కలిసొచ్చేది అర డిగ్రీయే. కాబట్టి నెమ్మదిగా వెళ్లడం దీనికి మందు కాదు. గాలిని ఆపాలి. వెచ్చదనం సంగతి దాని తర్వాతే.

మంచు ప్రాంతాల దళసరి గ్లౌజులు మీ దారికి వద్దనే నా గట్టి అభిప్రాయం. లంబసింగి సముద్రమట్టానికి సుమారు వెయ్యి మీటర్ల ఎత్తు, నర్సీపట్నం మైదానం. గంటలోపే రెండు వాతావరణాలు దాటుతున్నారు. దళసరివి వేసుకుంటే కింద ఉండగానే చేతులకి చెమట పడుతుంది, ఆ చెమటే పైకెళ్లాక చల్లబడి వేళ్లని బిగదీస్తుంది. పైగా అరచేతి వైపు దూది లాంటి పొర ఎక్కువైతే ఎక్సిలరేటర్ జారుతున్నట్టు అనిపించి గట్టిగా పట్టుకుంటారు. అరగంటకి ముంజేయి లాగేస్తుంది. ఇండికేటర్, పాస్ స్విచ్ బొటనవేలికి దొరకవు.

మీకు కావలసింది రెండు పొరలు. పైన గాలి చొరబడని మామూలు రైడింగ్ గ్లౌజు, లోపల పల్చటి లైనర్, అంటే లోపల తొడిగే విడి గ్లౌజు. పై గ్లౌజు మేక తోలుదైనా సరే, సాఫ్ట్‌షెల్ (గాలిని ఆపే మెత్తటి సాగే గుడ్డ) దైనా సరే. లోపలి వెచ్చటి పొర బరువు చదరపు మీటరుకి గ్రాముల్లో రాస్తారు. థిన్సులేట్ (పల్చటి కృత్రిమ దూది లాంటి పొర) అయితే చేతి వెనకవైపు 100, అరచేతివైపు 40 ఉంటే మన కొండలకి చాలు. అరచేతివైపు కూడా 100 ఉన్నవి వదిలెయ్యండి. లైనర్ మెరినో ఉన్ని, పట్టు, పాలిస్టర్‌లలో ఏదైనా పర్లేదు. నూలుది మాత్రం వద్దు, చెమట పీల్చుకుని తడిగానే ఉండిపోతుంది. తిరుగు ప్రయాణంలో లైనర్ తీసి జేబులో పెట్టుకుంటే అవే గ్లౌజులు ఎండకీ పనికొస్తాయి.

పూర్తి వాటర్‌ప్రూఫ్ మీకు అక్కర్లేదు. తోలుకీ అస్తరుకీ మధ్య నీళ్లు దూరని పొర ఒకటి పెడతారు. దాని వల్ల గాలి ఆగుతుంది, నిజమే, కానీ లీవర్ మీద స్పర్శ తగ్గుతుంది. చవకవాటిలో ఆ పొరని వేళ్ల చివర సరిగ్గా అతికించరు. తడి చేత్తో గ్లౌజు లాగితే అస్తరు వేళ్లతో సహా బయటికొచ్చేస్తుంది, మళ్లీ లోపలికి సర్దలేం. పొగమంచు వరకైతే తోలుకి మైనం పూత, గుడ్డకి నీళ్లు జారిపోయే స్ప్రే సరిపోతాయి. నెలకోసారి వెయ్యండి. ఎడమ చూపుడు వేలి మీద హెల్మెట్ వైజర్ (ముందు అద్దం) తుడుచుకునే రబ్బరు పట్టీ ఉన్నది దొరికితే అదే తీసుకోండి, ఆ పొగమంచులో దాని విలువ తెలుస్తుంది.

ఇంకో ముఖ్యమైన సంగతి. వేళ్లు చల్లబడడానికి కారణం చాలాసార్లు వేళ్ల దగ్గర ఉండదు. ఛాతీకి చలి తగిలితే ఒళ్లు లోపలి అవయవాల్ని కాపాడుకోవడానికి చేతులకి వెళ్లే రక్తనాళాల్ని బిగిస్తుంది. జాకెట్ లోపల ఛాతీ మీద గాలి చొరబడని పొర ఒకటి, మెడకి బఫ్ (గొట్టంలా ఉండే గుడ్డ) ఒకటి వేసుకోకుండా ఎంత ఖరీదైన గ్లౌజులు కొన్నా సగం ఫలితమే.

ఉట్నూరు_గేర్లు
పైన చెప్పింది కరెక్టే. కానీ మూడు వేలు మొత్తం గ్లౌజుల మీదనే పెట్టకు తమ్మీ. ఆదిలాబాద్ దిక్కు చలిల తిరిగేటోళ్లకు తెలుసు, సగం పని హ్యాండ్‌గార్డే చేస్తది. గాలి వేళ్ల మీదికి రాకముందే పక్కకు పోతది. రెండు దిక్కుల బిగించే ప్లాస్టిక్ గార్డులు వెయ్యి రూపాయల లోపల దొరుకుతయి.

కొనేముందు హ్యాండిల్ పైపు చూసుకో, మన కమ్యూటర్ బండ్లల్ల ఎక్కువ శాతం 22 మిల్లీమీటర్లే ఉంటది. బిగించినంక హ్యాండిల్ పూర్తిగ ఎడమకు, పూర్తిగ కుడికి తిప్పి చూడాలె. గార్డు ట్యాంకుకు తగలొద్దు, క్లచ్ కేబుల్ వంగొద్దు, ఎక్సిలరేటర్ వదిలితే దానంతట అదే వెనక్కు రావాలె. డిస్క్ బ్రేక్ బండయితే ఆయిల్ పైపు బిగించిన బోల్టుకు గార్డు క్లాంపు అడ్డం వస్తది, అక్కడ క్లాంపును కొంచెం లోపలికి జరుపుకోవాలె.

హ్యాండిల్‌కు తొడిగే సంచుల్లాంటి కవర్లు కూడా ఉంటయి, ఉత్తరాదిల స్కూటర్లకు బాగ వాడుతరు. వెచ్చగనే ఉంటది. కానీ మెత్తటి గుడ్డవైతే స్పీడుల గాలి వాటిని లోపలికి నూకి బ్రేక్ లీవర్‌ను కొంచెం కొంచెం నొక్కుతది. వెనుక లైటు ఎలుగుతనే ఉంటది, డిస్క్ వేడెక్కుతది. వాడాలనుకుంటే గట్టి అట్ట ఉన్నవే తీసుకో, మొదటిసారి ఎవరినన్న వెనుక రమ్మని బ్రేక్ లైటు చూడమను. చెయ్యి ఒక్కసారికే బయటకు రావాలె, లేకపోతే పడ్డప్పుడు అండ్లనే ఇరుక్కుంటది.

కుట్టు_కొలత
సైజు గురించి ఎవరూ చెప్పలేదు. అక్కడే ఎక్కువమంది డబ్బు పోగొట్టుకుంటారు. బొటనవేలు వదిలేసి, వేళ్ల మొదటి కణుపుల మీదుగా అరచేతి చుట్టూ టేపు పెట్టి కొలవండి, లైనర్ వేసుకునే కొలవండి. 21 సెంటీమీటర్లు వస్తే అంగుళాల్లో 8 పైచిలుకు. ఒక్కో కంపెనీ చార్టు ఒక్కోలా ఉంటుంది కాబట్టి ఎం, ఎల్ అక్షరాల్ని నమ్మకుండా సెంటీమీటర్లు చూడండి.

షాపులో వేసుకుని ఊరికే చెయ్యి చాపి చూస్తే తెలియదు. ఆగి ఉన్న బండి హ్యాండిల్ పట్టుకుని చూడాలి. పట్టుకున్నప్పుడు వేళ్ల చివర మూడు నాలుగు మిల్లీమీటర్ల ఖాళీ మిగలాలి. బిగుతుగా ఉంటే వెచ్చటి పొర నలిగి అందులో గాలి నిలవదు, రక్తమూ ఆడదు. బిగుతు గ్లౌజు వదులు గ్లౌజు కంటే చల్లన. క్లచ్ రెండు వేళ్లతో పట్టే అలవాటుంటే మిగతా రెండు వేళ్లు లీవర్ కింద నలుగుతున్నాయేమో కూడా అక్కడే తెలుస్తుంది.

రక్షణకి ఈఎన్ 13594 (బైక్ గ్లౌజులకి యూరప్ ప్రమాణం) ముద్ర చూడండి. రక్షణ స్థాయిని చెప్పే 1 అనో 2 అనో అంకె ఉంటుంది, కణుపుల రక్షణ పరీక్షలో నెగ్గితే పక్కన కేపీ అని ఉంటుంది. కొండల్లో మంచు ఆటలకి అమ్మే గ్లౌజులు వెచ్చగా ఉంటాయి, చవకగానూ వస్తాయి, కానీ పడితే అరచెయ్యి తారు మీద రాసుకుపోకుండా ఆపే తోలు వాటికి ఉండదు. బండికి అవి వద్దు.

కఫ్ పొడుగ్గా ఉండి జాకెట్ చేతి మీదికి రావాలి. మణికట్టు దగ్గర రక్తనాళాలు చర్మానికి దగ్గరగా ఉంటాయి, అక్కడ గాలి దూరితే మొత్తం చెయ్యి చల్లబడుతుంది.

ఘాట్‌రోడ్డు_125
అందరికీ థ్యాంక్స్. గార్డులు, తోలు గ్లౌజులు, లైనర్ అని ఖాయం చేసుకున్నాను. రెండు సందేహాలు. వేడెక్కే గ్రిప్పులు 125 బండికి వెయ్యొచ్చా? లోపల ఆసుపత్రిలో వాడే రబ్బరు తొడుగులు వేసుకోమని ఒకరు చెప్పారు, అది మంచిదేనా? చలిలో నా ఉంగరం వేలు, చిటికెన వేలు పాలిపోయి తెల్లగా కూడా అవుతున్నాయి.

వైరింగ్_పెట్టె
గ్రిప్పులు వెయ్యొచ్చు, లెక్క చూసుకుని. 36 వాట్ల జత అంటే 12 వోల్టుల దగ్గర 3 ఆంపియర్లు. మీ బండి హెడ్‌లైటు, ఇగ్నిషన్ వాడుకోగా ఆల్టర్నేటర్ (ఇంజనుతో తిరిగి కరెంటు పుట్టించే భాగం) దగ్గర అంత మిగలాలి. ఘాట్‌లో తక్కువ ఆర్‌పీఎంలో ఇంకా తక్కువ మిగులుతుంది. అవుతుందో లేదో ఇలా తేల్చుకోండి. గ్రిప్పులు, హెడ్‌లైటు రెండూ వేసి, బండి నడిచే ఆర్‌పీఎంలో బ్యాటరీ దగ్గర మల్టీమీటర్ పెట్టండి. 13 వోల్టుల పైన నిలబడితే సరే. అంతకంటే దిగిపోతుంటే బ్యాటరీ ఖాళీ అవుతున్నట్టే. కీ తీయగానే ఆగేలా రిలే (కీతో పనిచేసే కరెంటు స్విచ్) పెట్టించండి, 5 ఆంపియర్ల ఫ్యూజు వేయించండి. హెడ్‌లైటు వైరుకి కలిపి జాయింట్ కొట్టనివ్వకండి, ఆ వైరు వేడెక్కి కరుగుతుంది.

ఒక సంగతి, గ్రిప్పులు అరచేతినే వెచ్చబెడతాయి. గాలి తగిలేది చేతి వెనకవైపు. గార్డులు లేకుండా గ్రిప్పులు దండగ. మీ దారికి ముందు గార్డులు, లైనర్‌తో ఒక వారం చూడండి, చాలావరకు గ్రిప్పుల అవసరమే రాదు.

మన్యం_చక్రాలు
రబ్బరు తొడుగులు అత్యవసరానికి బాగా పనిచేస్తాయి. నైట్రైల్‌వి, మీ సైజు కంటే ఒకటి పెద్దవి, లైనర్ మీద వేసుకుని ఆ పైన గ్లౌజు తొడగండి. గాలీ తడీ రెండూ ఆగుతాయి. ఘాట్ ఎక్కేంతవరకే, చింతపల్లి చేరగానే తీసెయ్యండి. లోపల చెమట ఎటూ పోదు కాబట్టి రోజంతా ఉంచితే చర్మం నానిపోతుంది. రోజూ వాడాల్సిన పద్ధతి కాదు.

తెల్లబడే వేళ్ల సంగతి మాత్రం వదిలెయ్యకండి. చలికి మొద్దుబారడం వేరు, కొన్ని వేళ్లు మాత్రమే స్పష్టంగా గీత గీసినట్టు తెల్లబడి, తర్వాత నీలంగా, వెచ్చబడ్డాక ఎర్రగా మారడం వేరు. రెండోది రేనాడ్స్ (చలికి వేళ్ల రక్తనాళాలు అతిగా బిగుసుకునే సమస్య) కావచ్చు. హ్యాండిల్ అదురు వల్ల కూడా ముదురుతుంది. కొన్ని రకాల బీపీ మందులు, ముఖ్యంగా బీటా బ్లాకర్లు, సిగరెట్లు దాన్ని పెంచుతాయి. డాక్టరుకి ఒకసారి చూపించండి. ఈలోపు దారిలో వేళ్లు తెల్లబడితే బండి ఆపి చేతులు చంకల్లో పెట్టుకోండి. వేడి సైలెన్సర్ దగ్గర పెట్టొద్దు. స్పర్శ లేని వేళ్లకి కాలినా తెలియదు.

గ్లౌజులు మారాక క్లచ్ కేబుల్ ఒకసారి సరిచేయించండి. లీవర్ చివర 10 నుంచి 20 మిల్లీమీటర్ల ఆట (క్లచ్ పట్టు మొదలయ్యేలోపు లీవర్ ఊరికే కదిలే దూరం) చాలా బండ్లకి సరిపోతుంది, మీ మాన్యువల్ చూసి ఖాయం చేసుకోండి. దళసరి వేళ్లకి లీవర్ అందడం కోసం ఆట మొత్తం తీసేస్తే క్లచ్ ప్లేట్లు జారి అరిగిపోతాయి.

పొగమంచుకి తడిసిన గ్లౌజుల్ని ఇంజను మీదా ఎండలోనూ ఆరబెట్టకండి, తోలు బిగుసుకుపోతుంది, లోపలి జిగురు ఊడుతుంది. ఆఫీసులో నీడన, లోపల న్యూస్‌పేపరు ఉండలు కుక్కి ఉంచండి. గంట తర్వాత పేపరు మార్చండి. తీసేటప్పుడు ఒక్కసారిగా లాగకుండా ఒక్కో వేలి చివర పట్టుకుని కొంచెం కొంచెంగా జార్చండి, అస్తరు దాని చోటే ఉంటుంది.