ఐఎన్ఎన్ న్యూస్ సర్వర్‌లో క్లయింట్ల అనుమతులు: ఇన్‌కమింగ్.కాన్ఫ్‌లో పెట్టాలా, రీడర్స్.కాన్ఫ్‌లోనా?

ల్యాబ్_సిస్టమ్స్ (ప్రశ్న)

డెబియన్ లినక్స్ మీద ఐఎన్ఎన్2 ప్యాకేజీతో కాలేజీకి న్యూస్ సర్వర్ (యూజ్‌నెట్ తరహా చర్చా గ్రూపులు నడిపేది) పెట్టాం. మాకు కావలసినవి: ల్యాబ్ నెట్‌వర్క్ 192.168.10.0/24 నుంచి పాస్‌వర్డ్ లేకుండా చదవగలగాలి, పోస్ట్ చేయగలగాలి. బయటి నుంచి వచ్చే విద్యార్థులు యూజర్ నేమ్, పాస్‌వర్డ్ ఇచ్చి టీఎల్ఎస్ (ఎన్‌క్రిప్ట్ చేసిన కనెక్షన్) మీద మాత్రమే రావాలి. కాలేజ్.స్టాఫ్ గ్రూపు అధ్యాపకులకు తప్ప ఎవరికీ కనిపించకూడదు. కాలేజ్.నోటీస్ అందరూ చదవొచ్చు కానీ అందులో రాసేది అధ్యాపకులే.

ఇప్పటి పరిస్థితి ఇదీ. ల్యాబ్‌లోని కొన్ని మెషీన్ల ఐపీలు ఇన్‌కమింగ్.కాన్ఫ్‌లో ఉన్నాయి. అక్కడ థండర్‌బర్డ్ (న్యూస్ చదివే క్లయింటు) పనిచేస్తోంది కానీ చిన్న స్క్రిప్టుతో కనెక్ట్ అయితే గ్రూప్ కమాండ్‌కు ఎర్రర్ వస్తోంది. రీడర్స్.కాన్ఫ్‌లో ముందు స్టాఫ్‌కు ఒక యాక్సెస్ బ్లాకు, దాని కింద యూజర్స్: "*", న్యూస్‌గ్రూప్స్: "*" అని ఇంకొకటి, రెండింటికీ యాక్సెస్: "ఆర్‌పీఏ" (ఆర్ చదవడానికి, పీ పోస్ట్ చేయడానికి, ఏ మోడరేషన్ ఆమోదానికి). స్టాఫ్ గ్రూపు అందరికీ కనిపిస్తోంది. బయటివాళ్లకు 563 పోర్టులో పాస్‌వర్డ్ మళ్లీ మళ్లీ అడుగుతోంది, 481 (లాగిన్ కుదరలేదనే కోడ్) వస్తోంది. పాస్‌వర్డ్ ఫైల్ అపాచీ వెబ్ సర్వర్ టూల్ హెచ్‌టీపాస్‌వర్డ్‌తో చేసినదే.

గోదారిగట్టు

ముందు ల్యాబ్ ఐపీలన్నీ ఇన్‌కమింగ్.కాన్ఫ్ నుంచి తీసేయండి. మిగతావి తర్వాత చూసుకోవచ్చు, ఇది మాత్రం ఈరోజే చేయాలి.

119 పోర్టు మీద వినేది ఐఎన్ఎన్‌డీ, అంటే ఐఎన్ఎన్‌లోని ముఖ్య ప్రోగ్రామ్. కనెక్షన్ రాగానే ఆ ఐపీ ఇన్‌కమింగ్.కాన్ఫ్‌లో ఉందేమో చూస్తుంది. ఉంటే అవతల ఉన్నది ఇంకో న్యూస్ సర్వర్ అనుకుని తనే మాట్లాడుతుంది. లేకపోతే కనెక్షన్‌ను చదివే క్లయింట్లను చూసుకునే ప్రోగ్రామ్ ఎన్ఎన్ఆర్‌పీడీకి అప్పగిస్తుంది. రీడర్స్.కాన్ఫ్ చదివేది ఎన్ఎన్ఆర్‌పీడీ ఒక్కటే. థండర్‌బర్డ్ మోడ్ రీడర్ కమాండ్ పంపుతుంది కాబట్టి మధ్యలో ఎన్ఎన్ఆర్‌పీడీకి మారిపోతోంది. మీ స్క్రిప్టు అది పంపడం లేదు, అందుకే ఎర్రర్.

స్క్రిప్టు కన్నా పెద్ద ప్రమాదం ఇంకోటి ఉంది. పీర్‌గా (తోటి న్యూస్ సర్వర్‌గా) నమోదైన మెషీన్ ఐహ్యావ్ కమాండ్‌తో ఏ ఆర్టికల్ అయినా నేరుగా లోపలికి తోయగలదు. లాగిన్ ఉండదు, రీడర్స్.కాన్ఫ్‌లో ఏ నియమం రాసినా దానికి తగలదు, అప్రూవ్డ్ హెడర్ (మోడరేటర్ ఆమోదించారనే గుర్తు) తగిలిస్తే మోడరేషన్ కూడా దాటేస్తుంది. ల్యాబ్‌లో ఎవరైనా కూర్చోగలిగే మెషీన్‌కు ఆ హక్కు ఇవ్వకూడదు. మార్చాక సీటీఎల్ఐఎన్ఎన్‌డీ రీలోడ్ ఇన్‌కమింగ్.కాన్ఫ్ ఇవ్వండి. చివర కారణంగా ఏదో ఒక మాట రాయాలి, లేకుంటే కమాండ్ తీసుకోదు.

ఇంకొక సంగతి. సర్వర్ మీదే కూర్చుని లోకల్‌హోస్ట్ 119కి టెల్నెట్ కొడితే పలకరింపులో ట్రాన్సిట్ మోడ్ అని వస్తుంది, ఎందుకంటే లోకల్‌హోస్ట్ మామూలుగా ఇన్‌కమింగ్.కాన్ఫ్‌లో ఉంటుంది. అక్కడ మోడ్ రీడర్ టైప్ చేశాకే క్లయింటుకు కనిపించేది మీకూ కనిపిస్తుంది. నియమాలు పరీక్షించాలంటే ల్యాబ్ మెషీన్ నుంచి ఒకసారి, ఇంటి కనెక్షన్ నుంచి ఒకసారి చూడండి.

ఇక స్టాఫ్ గ్రూపు. యాక్సెస్ బ్లాకుల్లో సరిపోయిన వాటిలో అన్నిటికన్నా కింద ఉన్నదే చెల్లుతుంది. మీ ఫైల్లో కింద ఉన్నది "*" బ్లాకు కాబట్టి స్టాఫ్ బ్లాకు దాకా పనే రాదు. అందరికీ వర్తించేది పైన, కొందరికే వర్తించేది కింద రాయండి. ఒక మనిషికి ఒక్క బ్లాకే దక్కుతుంది, రెండు బ్లాకుల అనుమతులు కలవవు. అందుకని స్టాఫ్ బ్లాకులో వాళ్లకు కావలసిన గ్రూపులన్నీ ఉండాలి, స్టాఫ్ గ్రూపు ఒక్కటే రాస్తే మిగతావి మాయమవుతాయి.

ఇలా రాయొచ్చు (ఫైల్లో మాత్రం అంతా ఇంగ్లీషు అక్షరాల్లోనే ఉండాలి):

ఆత్ "బయట" { హోస్ట్స్: "*"  రిక్వైర్_ఎస్ఎస్ఎల్: ట్రూ  ఆత్: "సీకేపాస్‌వర్డ్ -ఎఫ్ /ఈటీసీ/న్యూస్/న్యూస్‌యూజర్స్" }

ఆత్ "ల్యాబ్" { హోస్ట్స్: "192.168.10.0/24"  డీఫాల్ట్: "<ల్యాబ్>" }

యాక్సెస్ "అందరూ" { యూజర్స్: "*"  రీడ్: "*,!జంక్,!కంట్రోల్,!కంట్రోల్.*,!కాలేజ్.స్టాఫ్"  పోస్ట్: "*,!జంక్,!కంట్రోల్,!కంట్రోల్.*,!కాలేజ్.స్టాఫ్,!కాలేజ్.నోటీస్"  యాక్సెస్: "ఆర్‌పీ" }

యాక్సెస్ "స్టాఫ్" { యూజర్స్: "స్టాఫ్-*"  న్యూస్‌గ్రూప్స్: "*,!జంక్,!కంట్రోల్,!కంట్రోల్.*"  యాక్సెస్: "ఆర్‌పీ" }

న్యూస్‌గ్రూప్స్: రాసిన బ్లాకులో రీడ్:, పోస్ట్: విడిగా రాయకూడదు, ఏదో ఒక పద్ధతే. గ్రూపుల వరసలో కూడా చివర సరిపోయినదే లెక్క కాబట్టి "!" ఉన్నవి "*" తర్వాతే రావాలి. ఆర్‌పీఏలో "ఏ" తీసేశాను. అది ఉంటే ఎవరైనా అప్రూవ్డ్ హెడర్ తామే పెట్టుకుని మోడరేటెడ్ గ్రూపులో పోస్ట్ చేసేయొచ్చు. మోడరేటర్లకు మాత్రం విడిగా ఒక బ్లాకు పెట్టి ఇవ్వండి.

రీడర్స్.కాన్ఫ్ మారిస్తే రీలోడ్ అక్కర్లేదు, తర్వాత వచ్చే కనెక్షన్ కొత్త ఫైలే చదువుతుంది. పాత కనెక్షన్ తెరిచి ఉన్న క్లయింటు మాత్రం పాత హక్కులతోనే ఉంటుంది. మార్పు పనిచేయలేదని అనుకునే ముందు థండర్‌బర్డ్ మూసి మళ్లీ తెరవండి.

కీచైన్

481 సంగతి నేను చెబుతాను. ఇప్పటి హెచ్‌టీపాస్‌వర్డ్ ఏ ఆప్షనూ ఇవ్వకపోతే అపాచీకి సొంతమైన ఎండీ5 రకం హ్యాష్ (పాస్‌వర్డ్ నుంచి లెక్కగట్టిన కోడ్) రాస్తుంది, "$ఏపీఆర్1$" అని మొదలవుతుంది. ఐఎన్ఎన్‌లో పాస్‌వర్డ్ సరిచూసే సీకేపాస్‌వర్డ్ వాడేది సిస్టమ్‌లోని క్రిప్ట్ ఫంక్షన్. దానికి ఆ రకం తెలియదు, కాబట్టి సరైన పాస్‌వర్డ్ ఇచ్చినా కుదరదు. హెచ్‌టీపాస్‌వర్డ్ -డీ (చిన్న అక్షరం) అని చాలా గైడ్లలో ఉంటుంది. అది పనిచేస్తుంది కానీ పాత డీఈఎస్ పద్ధతి, పాస్‌వర్డ్‌లో మొదటి 8 అక్షరాలే చూస్తుంది. బయటికి తెరిచిన సర్వర్‌కు అది వద్దు. ఓపెన్‌ఎస్ఎస్ఎల్ పాస్‌వర్డ్ -6 కొడితే ఎస్‌హెచ్‌ఏ-512 హ్యాష్ వస్తుంది. యూజర్ నేమ్, కోలన్, ఆ హ్యాష్, ఒక్కో మనిషికి ఒక్కో లైను. ఫైల్ న్యూస్ యూజర్ చదవగలిగేలా ఉండాలి, మిగతావాళ్లు చదవకూడదు, 640 చాలు. రూట్ పేరుతో 600గా వదిలేసినా ఇదే 481 వస్తుంది.

క్లయింటుతో కుస్తీ పట్టే ముందు సీకేపాస్‌వర్డ్‌ను చేత్తో నడిపి చూడండి, అదీ న్యూస్ యూజర్‌గా. -ఎఫ్‌తో ఫైల్, -యూతో యూజర్ నేమ్, -పీతో పాస్‌వర్డ్. కుదిరితే యూజర్: అని పేరు అచ్చవుతుంది. రూట్‌గా నడిపితే ఫైల్ పర్మిషన్ల లోపం బయటపడదు.

563 కోసం ఎన్ఎన్ఆర్‌పీడీ -డీ -ఎస్ -పీ 563 (డీ, ఎస్ పెద్ద అక్షరాలు, పీ చిన్నది) విడిగా నడవాలి, ఐఎన్ఎన్‌డీ ఆ పోర్టు చూసుకోదు. సర్టిఫికెట్, కీ ఎక్కడున్నాయో ఐఎన్ఎన్.కాన్ఫ్‌లో టీఎల్ఎస్‌సర్ట్‌ఫైల్, టీఎల్ఎస్‌కీఫైల్ దగ్గర చెప్పాలి. లెట్స్ ఎన్‌క్రిప్ట్ కీ ఉండే ఫోల్డర్ రూట్‌కే తెరుచుకుంటుంది కాబట్టి, రెన్యూవల్ అయినప్పుడల్లా కీని న్యూస్ యూజర్ చదవగలిగే చోటికి కాపీ చేసి ఈ ఎన్ఎన్ఆర్‌పీడీని రీస్టార్ట్ చేసే హుక్ పెట్టండి. లేకపోతే సర్టిఫికెట్ గడువు తీరిన రోజున బయటివాళ్లందరి లాగిన్లూ ఒకేసారి ఆగిపోతాయి. 119లో స్టార్ట్‌టీఎల్ఎస్ (మామూలు కనెక్షన్‌ను మధ్యలో టీఎల్ఎస్‌కు మార్చేది) కూడా ఉంది, కానీ 2017 నాటి ఇంటర్నెట్ ప్రమాణ పత్రం ఆర్ఎఫ్‌సీ 8143 మొదటి నుంచీ టీఎల్ఎస్‌తో వచ్చే 563నే మేలంటుంది. ఫైర్‌వాల్‌లో 119 ల్యాబ్‌కూ మీ పీర్లకూ మాత్రమే తెరవండి.

ల్యాబ్_సిస్టమ్స్

ఐపీలు తీసేశాం, హ్యాష్‌లు మార్చాం, బయటి లాగిన్లు 281తో సరిగా వస్తున్నాయి. రెండు సందేహాలు మిగిలాయి. ల్యాబ్‌లో కూర్చున్న అధ్యాపకుడికి స్టాఫ్ గ్రూపు కనిపించడం లేదు, పాస్‌వర్డ్ కూడా అడగడం లేదు. రెండోది, పక్క కాలేజీకి ఫీడ్ ఇస్తున్నాం (మా ఆర్టికల్స్ వాళ్ల సర్వర్‌కు పంపుతున్నాం), స్టాఫ్ గ్రూపు అటు పోకుండా రీడర్స్.కాన్ఫ్ ఆపుతుందా?

గోదారిగట్టు

మొదటిది: ల్యాబ్ ఐపీకి కనెక్ట్ కాగానే "<ల్యాబ్>" అనే గుర్తింపు దొరికిపోతుంది, కాబట్టి సర్వర్ పాస్‌వర్డ్ అడగాల్సిన పని లేదు. క్లయింటే ముందుగా లాగిన్ పంపాలి. థండర్‌బర్డ్ సర్వర్ సెట్టింగ్స్‌లో కనెక్ట్ అయినప్పుడల్లా ఆథెంటికేషన్ అడగమనే టిక్ ఉంటుంది, అది పెట్టి పోర్టు 563కి మార్చండి. "బయట" బ్లాకు హోస్ట్స్ "*" కాబట్టి ల్యాబ్ ఐపీకీ వర్తిస్తుంది, కాకపోతే టీఎల్ఎస్ ఉంటేనే. 119లో వస్తే ఆ బ్లాకు లేనట్టే లెక్క. లాగిన్ కుదిరాక గుర్తింపు స్టాఫ్-ఏదో అవుతుంది, కింది యాక్సెస్ బ్లాకు పట్టుకుంటుంది.

విద్యార్థుల యూజర్ నేమ్‌లు ఇచ్చేటప్పుడు స్టాఫ్- అని మొదలయ్యేది ఎవరికీ వెళ్లకుండా చూడండి. ఈ ఏర్పాటు మొత్తం ఆ పేరు మీదే నిలబడి ఉంది.

ఫీడ్‌మాస్టర్

రెండోదానికి జవాబు: ఆపదు. రీడర్స్.కాన్ఫ్‌కు ఫీడ్‌తో సంబంధం లేదు, అక్కడ మాట చెల్లేది న్యూస్‌ఫీడ్స్ ఫైల్‌దే. చాలామంది పీర్ లైన్లో "*,!కాలేజ్.*" అని రాసి వదిలేస్తారు. కానీ "!" అంటే ఈ గ్రూపు కోసం పంపొద్దు అని మాత్రమే. ఎవరైనా కాలేజ్.స్టాఫ్‌తో పాటు ఇంకో మామూలు గ్రూపుకు క్రాస్‌పోస్ట్ చేస్తే, ఆ రెండో గ్రూపు కారణంగా ఆర్టికల్ బయటికి వెళ్లిపోతుంది. "!" బదులు "@" పెట్టండి: "*,!జంక్,!కంట్రోల్,!కంట్రోల్.*,@కాలేజ్.*". "@" తగిలిన గ్రూపు ఒక్కటి ఉన్నా ఆ ఆర్టికల్ ఆ పీర్‌కు పోదు. మార్చాక న్యూస్‌ఫీడ్స్ రీలోడ్ చేయాలి. పక్క కాలేజీకి నోటీస్ గ్రూపు ఇవ్వాలనుకుంటే "@కాలేజ్.స్టాఫ్" అని దాన్నొక్కదాన్నే ఆపండి.

బయటి నుంచి లాగిన్లు తెరిచారు కాబట్టి ఐఎన్ఎన్.కాన్ఫ్‌లో ఇవీ చూడండి. యాడ్‌ఇంజెక్షన్‌పోస్టింగ్‌అకౌంట్ ట్రూ చేస్తే ఏ అకౌంటు నుంచి పోస్ట్ వచ్చిందో ఇంజెక్షన్-ఇన్ఫో హెడర్‌లో ఉంటుంది, ఫిర్యాదు వస్తే వెతుక్కోనక్కర్లేదు. ఆ పేరు చదివేవాళ్లందరికీ కనిపిస్తుంది కాబట్టి రోల్ నంబర్లను యూజర్ నేమ్‌లుగా పెట్టొద్దు. పోస్టుల వరదకు బ్యాక్‌ఆఫ్ సెట్టింగులు ఉన్నాయి కానీ బ్యాక్‌ఆఫ్‌ట్రిగ్గర్ డీఫాల్ట్ 10000, అంటే అన్ని పోస్టులు పడేదాకా కదలదు. బాగా తగ్గించి, బ్యాక్‌ఆఫ్‌ఆత్ ట్రూ చేయండి. అప్పుడు లెక్క ఐపీని బట్టి కాక యూజర్ నేమ్‌ను బట్టి పడుతుంది.

తెలుగులో పోస్ట్ చేసేవాళ్లు ఉంటే ఇంకొకటి. న్యూస్ ఆర్టికల్‌లో ఒక లైను 998 బైట్లు దాటకూడదు. యూటీఎఫ్-8లో తెలుగు అక్షరానికి, ఒత్తుకు, గుణింతపు గుర్తుకు విడివిడిగా 3 బైట్లు పడతాయి. మధ్యలో లైను విరవకుండా రాసిన పేరా సుమారు 330 గుర్తులకే హద్దు దాటుతుంది. ల్యాబ్ స్క్రిప్టులు నేరుగా పోస్ట్ చేస్తుంటే లైన్లు విరిచి పంపండి, లేదా క్వోటెడ్-ప్రింటబుల్ (అక్షరాలను చిన్న లైన్లుగా కోడ్ చేసే పద్ధతి) వాడండి.